ఎడమ కాలితో ఒక టోర్నమెంట్ పెట్టండి సార్

తెలంగాణ క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. ముందే చెప్పేస్తున్నా, మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్‌కి విగ్రహం పెట్టమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. విగ్రహం పెడితే ఏడాదికోసారి దండ, మిగతా రోజులన్నీ పావురాలు.

సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు, అంతకుముందు ఉస్మానియా యూనివర్సిటీ టీమ్‌కి ఆడాడు, ఆ తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ కొట్టింది, బొంబాయికి పోయి మరీ. 1951లో ఢిల్లీలో ఇరాన్‌ని 1-0తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిన మన దేశం జట్టుకీ ఆయనే కోచ్. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓటమి. అప్పటికి మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడేవాళ్లు. అంత దెబ్బ తిన్నాక ఇంకొకరైతే మూలన కూర్చునేవాళ్లు, ఈయన ఆట పద్ధతే మార్చి, నాలుగేళ్లలో అంటే 1956 మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ సెమీఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఆసియా నుంచి అక్కడిదాకా వెళ్లిన మొదటి దేశం మనది.

జకార్తా 1962 ఏషియన్ గేమ్స్ గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని, వెనక ఉండి గోల్ పడకుండా అడ్డుకునే డిఫెండర్‌ని, తీసుకెళ్లి గోల్స్ కొట్టే ముందు వరసలో నిలబెట్టాడు రహీం సాబ్. ఎవరికి వస్తుంది సార్ ఆ ఆలోచన? అతను సెమీస్‌లో ఒక గోల్ కొట్టాడు, ఫైనల్లో ఇంకోటి. సెప్టెంబర్ 4న స్టేడియం నిండా జనం మనల్ని గేలి చేస్తుంటే అదే కొరియాని 2-1తో ఓడించాం. అప్పటికే ఆయనకి క్యాన్సర్, 1963 జూన్ 11న పోయాడు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో, ఇక దాని గురించి ఏం మాట్లాడతాం.

ఆయన దగ్గర తయారైన మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయాడు. తర్వాతి తరం మహమ్మద్ హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న. నౌకరీ జోలికి పోకుండా ఆటనే వృత్తిగా పెట్టుకున్న మనిషి, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద 1977లో గోల్ కొట్టినవాడు, కోచ్‌గా పిల్లలకి నేర్పింది మాత్రం జంషెడ్‌పూర్‌లో, ఎందుకంటే అప్పట్లో అకాడమీ అక్కడ ఉండేది, ఇక్కడ లేదు. మన ఊరి కోచ్‌లు పక్క ఊళ్లకి ఫుట్‌బాల్ నేర్పారు సార్, మనం చూస్తూ కూర్చున్నాం.

అసలు విషయానికి వస్తా. రహీం సాబ్ పిల్లలకి విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పోకూడదు, బంతి వచ్చిన వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమ వాటం వాడు కుడితో. (నేను చిన్నప్పుడు ప్రయత్నించా, బంతి బదులు నేల తన్ని బొటనవేలు వాచింది.) ఒక్కసారి ఆలోచించండి, దీనికి అకాడమీ అక్కర్లేదు, విదేశీ కోచ్ అక్కర్లేదు. ఒక బంతి, ఒక విజిల్, గీతలకి సున్నం, ఆట తెలిసిన ఒక పీఈటీ. ఆ ఆఖరిది మాత్రం మా బడిలో ఏళ్ల తరబడి లేరు, లెక్కల సారే ఆటల పీరియడ్‌లో కూడా లెక్కలు చెప్పేవారు, గ్రౌండ్‌లోనేమో పక్కన ఫంక్షన్ హాల్‌కి వచ్చిన కార్లు.

అందుకని ఖాళీగా ఉన్న పీఈటీ పోస్టులు నింపండి, సాయంత్రాలు బడి గ్రౌండ్ గేట్లకి తాళం తీయించండి, రహీం సాబ్ పుట్టినరోజు ఆగస్టు 17న ప్రభుత్వ బడులకి ఆయన పేరు మీద ఎడమకాలి టోర్నమెంట్ మొదలుపెట్టండి. ఎడమ వాటం పిల్లలకి కుడికాలు, అది వాళ్ల పీఈటీ చూసుకుంటారు. ఫైనల్‌కి మీరు తప్పకుండా రావాలి, కాకపోతే మొదటి కిక్ మీరు కూడా వాటం లేని కాలితోనే కొట్టాలి సార్, రూల్ అందరికీ ఒకటే.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక ఫుట్‌బాల్ పిచ్చోడు