వంత పాడే వరుస వదలకు

గుంటూరు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన పాట మూడు రాత్రుల నుంచి వింటున్నాను. మీ అమ్మ నిద్రపోయాక ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అట్టడుగు స్వరాలు పాడే బేస్ గొంతులు కిందికి దిగిన చోటల్లా నేనూ లోలోపల పాడుతూ విన్నాను. రెండో చరణంలో ఆడగొంతులు పైషడ్జం మీద ఆగిపోతే, మగవాళ్ళు అదే స్వరాన్ని కింద పరిచి నిలబెట్టారు చూడు, అక్కడ నా కళ్ళు చెమర్చాయి. మన చర్చి కాయిర్‌లో పెరిగిన పిల్ల లాట్వియా రాజధాని రీగాలో పాట కట్టి, తానే ముందు నిలబడి అంతమంది చేత పాడించింది. ఈ సంతోషం నాకు చాలాకాలం సరిపోతుంది.

కానీ ఉత్తరం చివర నువ్వు రాసిన మాట గుచ్చుకుంది. రచనకూ, ముందు నిలబడి పాడించే సాధనకూ సమయం చాలడం లేదని, వచ్చే నెల నుంచి కాయిర్‌లో పాడటం మానేస్తానని రాశావు. మానకు తల్లీ. ఆ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పోయినేడు నువ్వు లాట్వియాలోనే ఉన్న అల్సుంగ వెళ్ళి, అక్కడి సూయిటి అనే సమూహపు ఆడవాళ్ళ పాట విని వచ్చి రాసిన ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. ఒకామె పాట ఎత్తుకుంటుంది, ఇంకొకామె అందుకుని మలుపుతుంది, మిగిలినవాళ్ళంతా ఒకే అచ్చును సాగదీస్తూ పాట కింద నిలబెడతారు. ఆ నిలబెట్టేవాళ్ళను వాళ్ళ భాషలో ‘లాగేవాళ్ళు’ అంటారని రాశావు. అది చదవగానే మన బుర్రకథ వంతలు గుర్తొచ్చారు. మనవాళ్ళు ‘వంత పాడటం’ అనే మాటను తిట్టుగా మార్చేశారు. నాకది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. వంత లేకపోతే కథకుడికి ఊపిరి పీల్చుకునే సందే దొరకదు.

ముప్పై ఏళ్ళుగా నేను బేస్ వరుసలోనే ఉన్నాను. క్రిస్మస్ ఆరాధన అయ్యాక ఎవరూ మా స్వరాలను కూనిరాగం తీస్తూ ఇంటికి వెళ్ళరు. అయినా పక్కవాడికి ఊపిరి అయిపోతోందని భుజం తాకిడితోనే తెలుసుకుని, వాడు పీల్చుకునేదాకా నేను స్వరం పట్టి ఉంచడం, తర్వాత నా కోసం వాడు పట్టి ఉంచడం ఏ స్వరలిపిలోనూ కనిపించవు. వరుసలో నిలబడితేనే తెలుస్తాయి. నీ పాట నాలుగో పేజీలో ఆల్టోలకు, అంటే ఆడగొంతుల్లో కింది వరుసకు, ఊపిరికి చోటు లేదు. విన్నాను, అక్కడ వాళ్ళు తెగిపోయారు. అది పియానో ముందు కూర్చుని రాసిన చోటని నాకు అర్థమైంది. మిగతా పాటంతా గొంతుతో రాశావు.

నువ్వు అంతగా ఆరాధించే స్వరకర్త ఎరిక్స్ ఎషెన్‌వాల్డ్స్‌నే చూడు. 2002 నుంచి 2011 దాకా ఆయన ‘లాట్వియా’ ప్రభుత్వ కాయిర్‌లో గాయకుడు. నీళ్ళు పోసి శ్రుతి చేసిన గాజుగ్లాసుల నాదం మీద గొంతులను అంత తేలికగా నిలబెట్టగలిగారంటే, ఆ గొంతుల మధ్య గడిపిన సంవత్సరాలే కారణమని నా నమ్మకం.

ఇంకొకటి. లాట్వియా స్వరకర్త యాజెప్స్ వీటోల్స్ 1899లో కట్టిన ‘వెలుగు కోట’ గురించి నువ్వే నాకు చెప్పావు. మునిగిపోయిన కోట, దాని పాత పేరు ఎవరైనా చెప్పగలిగితే మళ్ళీ పైకి లేస్తుంది. సోవియట్ కాలంలో, దేశమంతటి కాయిర్లు కలిసి పాడే పాటల పండుగలో, 1985లో, ఆ పాటకు కార్యక్రమంలో చోటు ఇవ్వలేదు. చివరి కచేరీలో గాయకులే అది పాడతామని పట్టుబట్టారు. ఎనభైకి దగ్గరపడిన కాయిర్ నాయకుడు హరాల్డ్స్ మెద్నిస్‌ను పిలిచి ముందు నిలబెట్టుకుని పాడారు. నాకు ఆ ఘట్టంలో మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇదే: పాటను అడిగినవాళ్ళు వరుసల్లో ఉన్నారు. నాయకుణ్ణి పిలుచుకున్నదీ వాళ్ళే. నిన్ను కూడా ఒక రోజు అలా పిలవాలి. నీ గొంతు వాళ్ళ చెవులకు అలవాటై ఉంటేనే పిలుస్తారు.

ఇప్పుడు మీ ఊళ్ళో నదికి అవతల ఉన్న జాతీయ గ్రంథాలయాన్ని కూడా వెలుగు కోట అనే పిలుస్తారట కదా. నీ పాటకు మాటలు దొరికింది అక్కడే, జానపద పాటలు సేకరించిన క్రిష్యానిస్ బారోన్స్ 1880లో చేయించిన పాటల బీరువాలో. చిన్న చిన్న చీటీల మీద రెండు లక్షలకు పైగా జానపద పాటలు. నాలుగేసి పాదాల ఆ పాటలను మొదట ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. పాడినవాళ్ళు పాడుతూ పోయారు కాబట్టి నీదాకా వచ్చాయి.

సమయం చాలదంటావు, నిజమే. వారానికి ఒక సాయంత్రం ఉంచుకో, చాలు. మిగిలిన రోజులు నీ రచనకే ఇవ్వు. నేను ఇంకేమీ అడగను.

2028లో మీ రీగాలోని మెజాపార్క్స్‌లో మళ్ళీ పాటల పండుగ వస్తుంది. మీ అమ్మా నేనూ పాస్‌పోర్టులకు కాగితాలు ఇచ్చేశాం. పదివేలకు పైగా గొంతుల మధ్య నిన్ను వెతకాలి కాబట్టి, ఆల్టోలలో ఎన్నో వరుసో ముందే రాయి. ఈలోగా నాలుగో పేజీ దిద్ది పంపు.

నీ
నాన్న