గుడ్డ సోఫాలతో ఇచ్చే శుభ్రత సూచనల కాగితంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,
ప్రతి: నాణ్యత విభాగం

విషయం: గుడ్డ సోఫాల శుభ్రత సూచనల్లో ఉన్న తప్పులు, వాటిని పాటించినవారికి వారంటీ నిరాకరించడం గురించి.

అయ్యా/అమ్మా,

గుడ్డ సోఫాలు, కుర్చీలు శుభ్రం చేయడం, పాడైనవాటికి కొత్త గుడ్డ వేయడం మా వృత్తి. మీ కంపెనీ ప్రతి సోఫాతోనూ మడతపెట్టిన సూచనల కాగితం ఒకటి ఇస్తోంది. ఆ కాగితంలో రాసింది రాసినట్టు చేయడం వల్లే పాడైన సోఫాలు మా దగ్గరకు వస్తున్నాయి. అదే కాగితం వెనకవైపు, చిన్న అక్షరాల్లో, ‘తడి వల్ల గానీ శుభ్రం చేయడం వల్ల గానీ గుడ్డకు కలిగే నష్టానికి వారంటీ వర్తించదు’ అని ఉంది. ముందు పేజీలో తడపమన్నదీ మీరే, తడిపితే మాకు సంబంధం లేదన్నదీ మీరే. మీ మాట నమ్మి నడుచుకున్నవాళ్లు నష్టపోవడం అన్యాయం. మా ప్రధాన ఫిర్యాదు ఇదే. సూచనల్లో ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏమి రాయాలో కింద వివరిస్తున్నాం.

అన్నిటికంటే పెద్ద లోపం, సోఫా మీద ఉన్న గుడ్డ ఏమిటో ఎక్కడా చెప్పకపోవడం. మీ కేటలాగులో వెల్వెట్, షెనీల్ (బొచ్చు దారంతో నేసే మెత్తని గుడ్డ), లినెన్ కలిసిన నేత, మైక్రోఫైబర్ ఉన్నాయి. కాగితం మాత్రం అన్నిటికీ ఒక్కటే. వెల్వెట్‌ను పాలిస్టర్‌తో నేస్తారు, పత్తితో నేస్తారు, విస్కోస్‌తోనూ (చెక్క గుజ్జు నుంచి తీసే నార) నేస్తారు. చూపుకు మూడూ ఒకేలా ఉంటాయి. నీళ్లు పడ్డాక మూడూ మూడు దారులు పడతాయి. పాలిస్టర్ వెల్వెట్ నీటిని పెద్దగా పీల్చదు. నూగు (పైకి లేచి ఉండే సన్నని పోగులు) పడుకున్నా మెత్తని బ్రష్‌తో దువ్వితే లేస్తుంది. విస్కోస్ అలా కాదు. తడిసినప్పుడు దాని బలం పొడిగా ఉన్నప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోతుంది. ఆ స్థితిలో బ్రష్ తగిలితే నూగు విరిగి, పడుకుని, అలాగే ఆరిపోతుంది. ఆరాక అక్కడ వెలుగు వేరుగా పడి మచ్చలా కనిపిస్తుంది. అది మురికి కాదు కనుక ఎంత శుభ్రం చేసినా పోదు. షెనీల్‌లోనూ విస్కోస్ పాలు తరచుగా ఉంటుంది. మీ కాగితం మాత్రం ‘అన్ని రకాల గుడ్డలనూ సబ్బు నీళ్లతో తడిపి బ్రష్‌తో రుద్దండి’ అంటోంది. విస్కోస్ వెల్వెట్ కొన్నవారికి ఈ ఒక్క వాక్యం చాలు, సోఫా పోవడానికి.

ఈ చిక్కును తీర్చే అక్షరాల పద్ధతి, అంటే శుభ్రత కోడ్, ఈ వృత్తిలో ఎప్పటినుంచో ఉంది. ‘డబ్ల్యూ’ అంటే నీటితో చేసిన క్లీనర్ వాడొచ్చు. ‘ఎస్’ అంటే నీళ్లు తగలనీయకుండా డ్రై క్లీనింగ్ ద్రావకమే వాడాలి. ‘డబ్ల్యూఎస్’ అంటే రెండూ పనికొస్తాయి. ‘ఎక్స్’ అంటే వాక్యూమ్, మెత్తని బ్రష్ తప్ప ఇంకేమీ వద్దు. గుడ్డ నేసిన మిల్లు ఈ వివరం మీకు ఇచ్చే ఉంటుంది. దాన్ని సీటు కుషన్ కింద కుట్టే చీటీ మీద అచ్చు వేయడానికి మీకు పడే శ్రమ ఎంత? ఆ చీటీ మీద ఇప్పుడు మోడల్ నంబరు, తయారీ తేదీ మాత్రమే ఉన్నాయి.

రెండోది కొలత. లీటరు నీటికి అరకప్పు డిష్‌వాష్ ద్రవం కలపమని రాశారు. అరకప్పు అంటే సుమారు 120 మి.లీ. లీటరు గోరువెచ్చని నీటికి ఒక టీస్పూను, అంటే 5 మి.లీ., సరిపోతుంది. మీరు చెప్పింది దానికి 24 రెట్లు. చట్రానికి బిగించిన గుడ్డను బట్టల్లా జాడించలేం కాబట్టి, అంత సబ్బు లోపలే ఉండిపోతుంది. ఆరాక అది జిగటగా మారి చేతుల జిడ్డును, గాల్లోని దుమ్మును పట్టుకుంటుంది. శుభ్రం చేసిన చోటే మిగతా చోట్ల కంటే ముందుగా నల్లబడటానికి కారణం ఇదే. మీరు విడిగా అమ్మే, నీరు అంటకుండా కాపాడే స్ప్రే కూడా దీనివల్ల వృథా అవుతుంది. గుడ్డలో మిగిలిన సబ్బు నీటిని లోపలికి లాగుతుంది. నమ్మకం లేకపోతే ఒక చుక్క నీరు వేసి చూడండి. స్ప్రే కొట్టిన గుడ్డ మీద చుక్క గుండ్రంగా నిలుస్తుంది, సబ్బు మిగిలిన గుడ్డ మీద ఇంకిపోతుంది.

మూడోది, మరక ఉన్నచోట మాత్రమే తడిపి వదిలేయమనడం. నీరు గుడ్డలో అంచులకు పాకుతూ, దారిలో ఉన్న మురికిని, నేతకు పట్టించిన గంజిని వెంట తీసుకెళ్తుంది. ఎక్కడ ఆరితే అక్కడ వాటిని వదిలేస్తుంది. వలయంలా మచ్చ పడేది అందుకే. నీటితో శుభ్రం చేయదగిన గుడ్డయితే ఒక కుట్టు నుంచి మరో కుట్టు దాకా, ఆ ముక్క మొత్తాన్ని ఒకే తడితో తుడవాలి. మీ కాగితంలో ఉండవలసిన పద్ధతి ఇది: ముందు వాక్యూమ్‌తో దుమ్మంతా లాగాలి. ఈ పని చేయకుండా తడిపితే దుమ్ము బురదై నేతలోకి దిగుతుంది. తర్వాత పైన చెప్పిన కొలతలో ద్రవాన్ని గిన్నెలో బాగా గిలకొట్టి, నీళ్లు కాకుండా పైన తేలిన నురుగును మాత్రమే స్పాంజితో తీసుకుని, నేత దారి వెంట తేలిగ్గా అద్దాలి. మురికి కరిగాక, మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన తెల్ల గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి సబ్బు తీసేయాలి. నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే ఈ చివరి తుడుపుకు డిస్టిల్డ్ వాటర్ మంచిది. ఆపైన పొడి తువ్వాలు పెట్టి అరచేత్తో అదిమి తేమ లాగి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. కుషన్లను నిలువుగా నిలబెడితే రెండు వైపులా గాలి తగులుతుంది. పైన గుడ్డ ఆరినట్టు చేతికి తగిలినా లోపలి ఫోమ్ తడిగానే ఉండొచ్చు. ఒకటి రెండు రోజులు తడి అలాగే ఉంటే బూజు పట్టడం మొదలవుతుంది. వాసన వచ్చేసరికి చాలా ఆలస్యమైనట్టే.

‘పోయిన మరక మళ్లీ తేలితే ఇంకా ఎక్కువ నీళ్లతో కడగండి’ అన్న సూచన అసలు కారణానికి ఎదురు పోతోంది. ఒలికిన ద్రవం ఫోమ్‌లోకి దిగి ఉంటుంది. పైన తుడిచినా, ఆరేటప్పుడు లోపలి తేమ పైకి వస్తూ రంగును మోసుకొస్తుంది. నీళ్లు పెంచితే అది మరింత లోతుకు దిగి, మరింత వెడల్పుగా పైకి వస్తుంది. చేయాల్సింది ఏమిటంటే, ఆ చోటును తేలిగ్గా తడిపి, దాని మీద తెల్లని పొడి తువ్వాళ్లు మందంగా పేర్చి, పైన రంగు దిగని బరువు పెట్టి రాత్రంతా వదిలేయాలి. అప్పుడు తేమ ఆరే చోటు తువ్వాలు అవుతుంది, రంగు దానికే పడుతుంది.

పత్తి, లినెన్ గుడ్డల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. బాగా తడిసి నెమ్మదిగా ఆరితే, అందులోనూ క్షారగుణం ఉన్న సబ్బు తగిలితే, గోధుమరంగు చారలు తేలతాయి. ఈ చారలు నారలోంచే వస్తాయి కనుక మళ్లీ సబ్బు పెడితే ఇంకా ముదురుతాయి. ఒక పాలు తెల్ల వెనిగర్‌కు నాలుగు పాళ్లు నీళ్లు కలిపి, కనిపించని చోట పరీక్షించి, పలుచగా అద్దితే చాలావరకు తగ్గుతాయి. ఈ ముక్క మీ కాగితంలో లేదు. ఉన్నది వంటసోడా, వెనిగర్ కలిపి పూయమన్న సలహా. క్షారం, ఆమ్లం కలిస్తే బుసబుసమని పొంగి ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. మిగిలేది ఉప్పు కలిసిన నీళ్లే. పొడి గుడ్డ మీద పొడి వంటసోడా చల్లి కొంతసేపటికి వాక్యూమ్ చేస్తే వాసన తగ్గుతుంది, అంతవరకు సరే. తడి మీద చల్లితే నేత సందుల్లో తెల్లగా గట్టిపడి వదలదు.

ఇక జిప్పు సంగతి. ‘జిప్పు తీసి కవర్లను వాషింగ్ మెషీన్‌లో వేయవచ్చు’ అని అన్ని మోడళ్లకూ రాశారు. జిప్పు పెట్టేది ఫోమ్‌ను లోపలికి సరిగ్గా ఎక్కించడానికని మీ కుట్టు విభాగాన్ని అడిగినా చెబుతారు. కవరు బిగుతుగా కూర్చోవడానికి గుడ్డను ఫోమ్ కొలత కంటే కాస్త తక్కువగా కత్తిరిస్తారు. 60 సెం.మీ. కవరు 3 శాతం కుంచించుకున్నా 1.8 సెం.మీ. తగ్గుతుంది. అప్పుడు జిప్పు పట్టదు, బలవంతంగా లాగితే కుట్టు చిట్లుతుంది. సోఫా గుడ్డల్లో చాలావాటికి పోగులు జారకుండా వెనకవైపు యాక్రిలిక్ లేదా లేటెక్స్ పూత ఉంటుంది. మెషీన్‌లో ఆ పూత పొడిపొడిగా రాలి, కుట్టుల దగ్గర నేత విడుతుంది. ఇవన్నీ తప్పినా, ఉతికిన కుషన్ల రంగు ఉతకని సోఫా చేతుల రంగుతో కలవదు. ఉతకడానికి ముందే కుంచింపజేసిన గుడ్డతో కుట్టిన మోడల్ ఏదైనా ఉంటే, దాని పేరు చెప్పి దానికి మాత్రమే ఆ మాట రాయండి.

మరకలకు మీరిచ్చిన పట్టికలో మొండి మరకలన్నిటికీ వేడినీళ్లే మందు. రక్తం, పాలు, గుడ్డు వంటివాటిలో ఉండేది ప్రొటీన్. వేడి తగిలితే అది గడ్డకట్టి నారను పట్టేస్తుంది. వాటికి చన్నీళ్లు, ఆపైన ఎంజైమ్ క్లీనర్ వాడాలి. ఉన్ని, పట్టు కూడా ప్రొటీన్లే కనుక వాటి మీద ఎంజైమ్ వద్దు. టీ, కాఫీ మరకల మీద సబ్బు బిళ్ల రుద్దితే, వాటిలో మరక చేసే టానిన్ అనే పదార్థం గట్టిపడుతుంది. డిటర్జెంట్ నురుగు తర్వాత పలుచని వెనిగర్ నీళ్లు పనిచేస్తాయి. నూనె పడితే ముందు నీళ్లు తగలనీయకూడదు. మొక్కజొన్న పిండి చల్లి 15 నుంచి 20 నిమిషాలు ఆగి, వాక్యూమ్ చేసి, మిగిలినదాన్ని గుడ్డ శుభ్రత కోడ్‌ను బట్టి తీయాలి. బాల్‌పెన్ సిరాకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను తెల్ల గుడ్డకు పట్టించి, గుడ్డ చోటు మారుస్తూ అద్దాలి. సోఫా మీద నేరుగా పోయకూడదు. డ్రై క్లీనింగ్ ద్రావకానికీ ఇదే నియమం. పోస్తే అది వెనక పూతను, జిగురును కరిగిస్తుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా వాడాలన్న హెచ్చరిక మీ కాగితంలో ఒక్క చోటా లేకపోవడం క్షమించరానిది. నెయిల్ పాలిష్ మరకకు అసిటోన్ రాయమన్నారు. గుడ్డలో అసిటేట్ నార ఉంటే అసిటోన్ దాన్ని కరిగించి రంధ్రం చేస్తుంది.

హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టమన్న వాక్యం కూడా తీసేయండి. మీ చవక మోడళ్లలో కనిపించే పాలీప్రొపిలీన్ గుడ్డ 160 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది, మెత్తబడటం అంతకుముందే మొదలవుతుంది. డ్రయ్యర్ మూతి ఆనించి పెడితే నిగనిగలాడే మచ్చ పడుతుంది. ఎండ గురించి, కుషన్లు తిప్పి వేయడం గురించి, వారానికోసారి వాక్యూమ్ గురించి మీరు రాసినవి సరిగ్గానే ఉన్నాయి.

కేటలాగులో మార్టిండేల్ రాపిడి సంఖ్యను పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. ఆ పరీక్ష పొడి గుడ్డ ఎంత రాపిడికి తట్టుకుంటుందో చెబుతుంది. తడి గుడ్డతో తుడిస్తే రంగు దిగుతుందో లేదో చెప్పదు. దానికి ఐఎస్ఓ 105-ఎక్స్12 అనే అంతర్జాతీయ ప్రమాణ పరీక్ష ఉంది, ఫలితం 1 నుంచి 5 వరకు ఉంటుంది. ముదురు నీలం, ముదురు ఎరుపు గుడ్డలు కొనేవారికి అవసరమైన సంఖ్య అది. దాన్నీ అచ్చు వేయండి. కనిపించని చోట పరీక్ష చేయమన్న సూచన మీ కాగితంలో ఉంది గానీ ఎలాగో లేదు. వెనక కింది అంచున నాణెమంత చోట క్లీనర్ అద్ది, తెల్ల గుడ్డ పెట్టి అర నిమిషం అదిమి, రంగు దిగిందేమో చూడాలి. తర్వాత పూర్తిగా ఆరేదాకా ఆగి వలయం, కుంచింపు, నూగు చూడాలి. తడిగా ఉన్నప్పుడు చూసి బాగుందనుకుంటే ఆ పరీక్షకు అర్థం లేదు.

కనుక మేము కోరేది ఇది. ఇప్పుడున్న కాగితాన్ని వెంటనే ఆపండి. ప్రతి మోడల్‌కూ గుడ్డలోని నారల శాతాలు, శుభ్రత కోడ్, తడి రాపిడికి రంగు నిలకడ సంఖ్య సీటు కింది చీటీ మీద వేయండి. పరీక్షల కోసం అదే తానులోంచి అరచేయంత గుడ్డ ముక్క సోఫాతో పాటు ఇవ్వండి. ఇప్పటికే కొన్నవారికి మోడల్ నంబరును బట్టి ఈ వివరాలు ఫోనులోనైనా చెప్పే ఏర్పాటు చేయండి. మీ కాగితంలోని సూచన పాటించి గుడ్డ పాడైనవారికి వారంటీ నిరాకరించిన ఫైళ్లను తిరిగి తెరిచి, కవర్లు మీ ఖర్చుతో మార్చండి. వెనక పేజీలోని ఆ నిబంధనను కంపెనీ సూచన ప్రకారం చేసిన శుభ్రతకు వర్తించదని సవరించండి.

కొత్త సూచనల చిత్తుప్రతి పంపితే గుడ్డ రకాల వారీగా చదివి మా సవరణలు రాసి పంపుతాం. ఈ ఫిర్యాదుపై ఏ చర్య తీసుకుంటున్నారో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
గుడ్డ సోఫాల శుభ్రత, మరమ్మతు పనివారు