ఆ ఎర్ర కూజా బొమ్మ గేజి కాదు

సంపాదకులకు,

గత ఆదివారం మీ వాహనాల పేజీలో పాత కార్ల సంరక్షణ మీద వేసిన వ్యాసం చదివాను. టైర్ల గురించి, బ్యాటరీ గురించి రాసింది బాగానే ఉంది. రెండు మాటలు మాత్రం నాకు మింగుడు పడలేదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా కూజా బొమ్మ వెలిగితే ఇంజిన్ ఆయిల్ తగ్గిందని అర్థమట, బండిని దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలట. రెండోది, మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజీలు ప్రమాదం, వాటి జోలికి పోవద్దన్నది. నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో 28 ఏళ్లు పానా పట్టి రిటైరైనవాణ్ణి. మొదటి మాట తప్పు. రెండోదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం మరక నా ప్యాంటు మీద ఇంకా పోలేదు, ఆ సంగతి తరవాత చెబుతాను.

ఆ దీపానికి ఆయిల్ ఎంతుందో తెలియదు. ఇంజిన్ బ్లాకుకు బిగించిన స్విచ్చిలో ఒక పొర, ఒక స్ప్రింగు ఉంటాయి, అంతే. ప్రెషర్ సుమారు 5 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే లెక్క) దగ్గరికి పడిపోతే అది వెలుగుతుంది, లేకపోతే ఆరుతుంది. దారిలో 40 ఉండాల్సింది 12కి దిగినా దానికి పట్టదు. ఇంజిన్లో తిరిగే ఇరుసు క్రాంకు, దానికీ దాన్ని మోసే బేరింగుకీ మధ్య ఉండే సందు తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులో ఆయిల్ పొర నిలబడాలంటే వెనక నుంచి ప్రెషర్ తోస్తూ ఉండాలి. దీపం వెలిగాక షెడ్డు వెతుక్కుంటూ రెండు కిలోమీటర్లు పోతే మెకానిక్ దొరుకుతాడు గానీ బేరింగులు దొరకవు. వెలిగినచోటే పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. కాసేపాగి ఆయిల్ మట్టం చూపే పుల్ల, డిప్‌స్టిక్ చూసి, తక్కువైతే పోసి, అప్పటికీ దీపం ఆరకపోతే తాడు కట్టి లాక్కెళ్లడమే.

ఇంత తెలిసినవాణ్ణి నేనే మోసపోయాను. రెండేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో పాత మారుతి 800 కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్ల బండి. రంగు బాగుంది, ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంది, డబ్బు కట్టి తెచ్చుకున్నాను. వారం తరవాత తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఏదో ఆలోచిస్తూ కూర్చుంటే కనిపించింది. బ్యాటరీ దీపం వెలిగింది, హ్యాండ్ బ్రేకు దీపం వెలిగింది, కూజా బొమ్మ మాత్రం వెలగలేదు. బల్బు పోయిందనుకుని విప్పి చూశాను. బల్బు బాగానే ఉంది. బానెట్ ఎత్తి చూస్తే స్విచ్చి నుంచి వైరు పీకి, కొసకి నల్ల టేపు చుట్టి, మిగతా వైర్ల కట్టలో దోపి ఉంది. ఆ వైరు తగిలించి పావుగంట బండి తిప్పి వచ్చి స్లోలో పెట్టాను. దీపం కళ్లు ఆర్పి ఆర్పి చూసింది. లోపల ఆయిల్ కూడా మామూలుది కాదు, ప్రెషర్ నిలబడ్డానికి పాకం లాంటిది పోశారు. హాఫ్ ఇంజిన్ పని చేయించి, బేరింగులు, ఆయిల్ పంపు మార్పించాను. ఖర్చెంతో ఇక్కడ రాయను, మా ఇంట్లోనూ మీ పేపరే చదువుతారు.

అప్పుడే గేజి పెట్టాలని పట్టుదల వచ్చింది. మా కాలం బస్సుల్లో ముల్లు ఉన్న ఆయిల్ గేజి డ్రైవరు ఎదుటే ఉండేది. పొలం దున్నే ట్రాక్టరుకూ ఉంటుంది. కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగే కారుకి మాత్రం దీపంతో సరిపెట్టారు. మెకానికల్ గేజిలో కరెంటు పని ఉండదు. ఇంజిన్లో ఆయిలే సన్నని గొట్టం గుండా వచ్చి గేజి లోపల వంకర తిరిగిన ఇత్తడి గొట్టంలోకి చేరుతుంది. జాతరలో పిల్లలు ఊదితే చుట్ట విప్పుకుని సాగే కాగితం బూర చూశారు కదా, ప్రెషర్ పెరిగితే ఆ గొట్టం అలాగే విప్పుకోబోతుంది, దాని కొస ముల్లును తిప్పుతుంది. 1849లో బోర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. వెల్డింగు షాపుల్లో సిలిండర్ల మీద కనిపించే గేజీలూ ఇవే.

స్విచ్చి ఉన్నచోట ఇంగ్లీషు 'T' ఆకారంలో ఉండే టీ జాయింటు పెట్టి, ఒక కాలికి పాత స్విచ్చి, ఇంకో కాలికి గేజి గొట్టం బిగించాలి. గేజి వచ్చింది కదా అని దీపం తీసెయ్యకూడదు. చాలామంది బోల్తా పడేది జాయింటు థ్రెడ్ల (మర చుట్ల) దగ్గరే. జపాన్ తరహా ఇంజిన్లలో ఆ కన్నానికి సాధారణంగా ఒక్కో అంగుళానికి 28 థ్రెడ్లుంటాయి, బజారులో గేజితో వచ్చే అమెరికా తరహా జాయింట్లకి 27. రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి బిగుస్తుంది. పట్టిందనుకుని ఇంకో చుట్టు పానా వేస్తే బ్లాకు థ్రెడ్ నమిలేస్తుంది. నేను పాత స్విచ్చి పట్టుకెళ్లి తెనాలిలో నాకు తెలిసిన టర్నరుకిచ్చి, దాని థ్రెడ్ చూసి ఇత్తడి కడ్డీలో టీ చేయించుకున్నాను. గేజి వైపు కాలికి మిల్లీమీటరు కన్నమే వెయ్యమన్నాను. గేజికి కావలసింది ప్రెషరే గానీ పారుదల కాదు. రేపు గొట్టం తెగినా ఆయిల్ చిమ్మదు, కారుతుంది.

గొట్టం నైలాన్‌దీ దొరుకుతుంది, వేడి తగిలితే మెత్తబడుతుంది. నేను రాగిది తీసుకున్నాను. రాగికీ ఒక జబ్బుంది, ఇంజిన్ అదురుకి గట్టిపడి విరుగుతుంది. అందుకని ఇంజిన్‌కీ బాడీకీ మధ్య రెండు చుట్లు స్ప్రింగులా చుట్టి వదలాలి. టర్నరు ఆ ముక్కని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు 'గట్టిపడదా మాస్టారూ' అన్నాడు. ఉక్కయితే గట్టిపడేది, రాగి మాత్రం జిల్లేడు కాడలా వంగింది. ఇంజిన్ వెనక రేకుకి కన్నం వేసినచోట రబ్బరు బుష్ పెట్టాను. లేకపోతే ఆ రేకు అంచే గొట్టాన్ని కోసేస్తుంది.

ఇక ప్యాంటు సంగతి. గేజి వెనక నట్టులో ఉండే చిన్న ఇత్తడి రింగు సరిగ్గా కూర్చోలేదు. ఇంట్లో స్టార్ట్ చేసి చూసుకుని బాగుందనుకుని బయల్దేరాను. రెండు కిలోమీటర్లు పోయేసరికి మోకాలి మీద చురుక్కుమంది. తిరిగొస్తే మా ఆవిడ, "పొయ్యి దగ్గరికి రాకుండా నూనె మీద పోసుకున్న మగాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా" అంది. మీ వ్యాసం చెప్పిన ప్రమాదం ఇదే, కాదనను. కానీ బిగించాక పది నిమిషాలు ఇంజిన్ నడిపి, రేజు చేసి, ప్రతి జాయింటుకీ పాత న్యూస్‌పేపరు ముక్క చుట్టి చూస్తే ఇది జరిగేది కాదు. రెండోసారి అలాగే చూశాను, మీ పేపరే వాడాను, చుక్క అంటలేదు. అయితే ఈసారి కూజా దీపం వెలగడం మానేసింది! లీకు భయంతో థ్రెడ్ల నిండా టెఫ్లాన్ టేపు చుట్టాను, థ్రెడ్ల ద్వారానే స్విచ్చికి అందాల్సిన బాడీ ఎర్తు అందలేదు. టేపు తగ్గించి బిగిస్తే వెలిగింది.

ఇప్పుడు పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేస్తే ముల్లు 60 దాటుతుంది. వేడెక్కాక దారిలో 45, స్లోలో 15. వేడి మీద అంకె తగ్గడం సహజం, చూసి కంగారు పడనక్కర్లేదు. రోజూ చూసే అంకె ఏమిటో గుర్తుంటే చాలు. మొన్న మార్చిలో గుంటూరు వెళ్తూ నారాకోడూరు మలుపు తిరుగుతుంటే ముల్లు 40 నుంచి 20కి జారి, బండి తిన్నగా కాగానే మళ్లీ లేచింది. ఎర్రదీపం కిమ్మనలేదు. చెట్టు కింద ఆపి డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గీతకీ దిగువనుంది. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబరు ప్యాకింగు దగ్గర కారుతోంది. మలుపులో ఉన్న కాస్త ఆయిల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి మింగింది. పక్క ఊళ్లో లీటరు కొని పోసుకుని మెల్లగా ఇంటికొచ్చాను. దీపాన్నే నమ్ముకునుంటే ఈపాటికి రెండో హాఫ్ ఇంజిన్ పని.

వారంటీలో ఉన్న కొత్త కార్లకి ఈ పని వద్దు. క్యాబిన్లోకి ఆయిల్ రావడం ఇష్టం లేనివాళ్లు ఎలక్ట్రికల్ గేజి పెట్టుకోవచ్చు, ఎర్తు బాగుంటే అదీ పనికొస్తుంది. ఏ గేజీ అక్కర్లేదనుకునేవాళ్లు పాత కారు కొనేముందు సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ దాకా తిప్పి కూజా బొమ్మ వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే బానెట్ ఎత్తి వైరు వెతకండి.

'మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి' అన్న వాక్యాన్ని మాత్రం వచ్చే ఆదివారం 'ఇంజిన్ అక్కడే ఆపండి' అని సవరించి వేయమని మనవి.

ఇట్లు,
ఒక పాత డిపో మెకానిక్,
తెనాలి