టేపు రెండో కొస

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాన్నగారు పోయిన తరవాత తాళం వేసి ఉంచిన ఇంటికి పంచాయతీ నుంచి మూడేళ్ల పన్ను నోటీసు వచ్చిందనీ, ఎవరూ కాపురం లేని ఇంటికి, నీళ్లు రాని కుళాయికి, వెలగని వీధి దీపానికి ఎందుకు కట్టాలో చెప్పమనీ రాశావు. నీ కోపంలో న్యాయం లేకపోలేదు. అయినా నా సలహా ఒక్కటే. ఆ పన్ను కట్టెయ్యి. కట్టిన రసీదు చేతిలో పెట్టుకుని, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో అడుగు. మన ఊళ్లో గత ఏడాదిగా మేము నలుగురం చేస్తున్న పని అదే కనుక, అందులో కళ్లారా చూసిన సంగతులు నీకు వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ నోటీసునే ఒకసారి నిదానంగా చూడు. ఇంటి పన్ను పక్కన గ్రంథాలయ సుంకం అని ఒక చిన్న అంకె ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసల చొప్పున మనం కడుతున్న సొమ్ము అది. పంచాయతీ దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. స్థానిక సంస్థలు ఇలా వసూలు చేసి కూడా జమ చేయని బకాయిలు పేరుకుపోయాయని పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు! బడి వదిలాక నువ్వూ నేనూ వెళ్లి బల్ల మీద మోచేతులు ఆనించి పత్రికలు చదువుకున్న ఆ శాఖా గ్రంథాలయం అద్దె బకాయితో మూతపడినప్పుడు, మనం ఏటా కట్టిన ఆ 8 పైసలు ఏమయ్యాయని ఊళ్లో ఒక్కరమూ అడగలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పంచాయతీకి డబ్బు మన పన్నుల నుంచే వస్తుందని చాలామంది అనుకుంటారు గాని, మన ఊరి వంటి చోట సొంత రాబడి స్వల్పం. పెద్ద మొత్తం, కేంద్రం పన్నుల రాబడిలో ఎవరికెంత ఇవ్వాలో సూచించే ఆర్థిక సంఘం గ్రాంటుగా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడాలని షరతు పెట్టింది. ఆ లెక్కలు దాచిపెట్టినవి కావు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో పంచాయతీ పేరు ఎంచుకుంటే ఏ పనికి ఎంత చెల్లించారో ఫోనులోనే కనబడుతుంది. రాష్ట్ర ఆడిట్ శాఖవారు కూడా పుస్తకాలు తనిఖీ చేస్తారు. కాని ఆడిటరు చూసేది ఓచరు ఉందా, తీర్మానం ఉందా, మొత్తాలు సరిపోయాయా అన్నది. కాగితం మీద ఉన్న కాలువ వీధిలో ఉందో లేదో చెప్పగలిగేది ఆ వీధివాళ్లే కదా.

కాలువ మాట ఎందుకు ఎత్తానో చెబుతాను. మీ ఇంటికి రెండు వీధుల అవతల నిరుడు సిమెంటు మురుగు కాలువ కట్టారు. దాని బిల్లు చెల్లింపు ఫోనులో చూశాను. వెంటనే సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు (ఖర్చు అంచనా), ఎం.బుక్ నకళ్లు కోరుతూ దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నాకు ఇరవై ఆరో రోజున కాగితాలు చేతికి వచ్చాయి.

ఎం.బుక్ అంటే కొలతల పుస్తకం. జరిగిన పనిని ఇంజనీరు కొలిచి పొడవు, వెడల్పు, లోతు, పరిమాణం అని గళ్లలో రాసి సంతకం చేస్తాడు. బిల్లు పుట్టేది అక్కడే. మా చేతికి వచ్చిన పుటలో పొడవు 112 మీటర్లని ఉంది. ఆదివారం పొద్దున్నే తాపీ మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అరువు తెచ్చుకుని, కాలువ మొదట్లో సున్నా పట్టుకుని నేను కూర్చుంటే, మా అబ్బాయి రెండో కొస పట్టుకుని వెళ్లి సుద్దముక్కతో గీత గీశాడు. మూడుసార్లు టేపు పూర్తిగా పరిచాక ఇంకా నాలుగు మీటర్లకే కాలువ ఆగిపోయింది. మొత్తం 94. ఆ పైన పచ్చి మట్టి, నిలిచిన నీళ్లు, ఆ నీళ్ల మీద అడ్డంగా వేసిన తాటి దుంగ. దుంగ అవతల గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న పెద్దావిడ తలెత్తి, "ఏం కొలుస్తన్నారు బాబూ? కాలవ మా ఇంటిదాకా వత్తదని చెప్పి ఆగిపోయారు" అంది. ఎం.బుక్‌లో ఆవిడ గుమ్మం దాటి కూడా కాలువ ఉంది.

ఆ కాగితం పట్టుకుని గ్రామసభకు వెళ్లాం. నేను పెద్దగా మాట్లాడలేదు. ఎం.బుక్‌లో రాసిన వరుసను ఉన్నది ఉన్నట్టు చదివి, ఆ పెద్దావిడను లేచి చెప్పమన్నాను. ఆవిడ చెప్పిన మాటకు బదులు చెప్పగలిగినవారు సభలో లేరు. పది రోజులకు ఇంజనీరు మళ్లీ వచ్చి కొలిచాడు. తరవాత నెలలో కాంట్రాక్టరు మనుషులను పంపి మిగిలిన 18 మీటర్లూ తవ్వించాడు. సిమెంటు పని ఇంకా కాలేదు, అడుగుతూనే ఉన్నాం.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. బ్లీచింగ్ పౌడరు, వీధి దీపాల ఖర్చులో సర్పంచ్, కార్యదర్శి డబ్బు తినేశారని ఊరంతా అనుకునేవాళ్లం. నేనూ ఆ మాట నలుగురి మధ్య అన్నవాణ్ణే. ఓచర్లన్నీ ముందు వేసుకుని, స్టాకు పుస్తకంతో, దుకాణం బిల్లులతో సరిచూస్తే ఒక్క రూపాయి తేడా రాలేదు. డబ్బు పోయింది కరెంటు బకాయిలకు. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు మన రాష్ట్రంలో సర్పంచులే రోడ్డెక్కి ఆందోళన చేసిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. కార్యదర్శిగారి దగ్గరకు వెళ్లి నా మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తరవాత, "అడిగినవాళ్లు మీరొక్కరే సార్, మిగతావాళ్లు తిట్టి ఊరుకుంటారు" అన్నారు. లెక్క చూడటం దొంగను పట్టుకోవడానికే అనుకునేవాణ్ణి. నిజాయితీగా పనిచేసే మనిషికి అది ఎంత అండో ఆ రోజు తెలిసింది.

ఈ పద్ధతి మేము కనిపెట్టిందేమీ కాదు. రాజస్థాన్‌లో అరుణా రాయ్ మొదలైనవారి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీ రైతుల సంఘం 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి బహిరంగ విచారణ జరిపి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు జనం ముందు బిగ్గరగా చదివింది. పని చేయనివాళ్ల పేర్లు, కట్టని కట్టడాల బిల్లులు అక్కడికక్కడే బయటపడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. "మా డబ్బు, మా లెక్క" అన్నది వాళ్ల నినాదం. 2005లో సమాచార హక్కు చట్టం రావడానికి దారి వేసింది ఆ కూలీల పోరాటమే. మనవాళ్ల వంతు కూడా తక్కువేమీ కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను గ్రామసభకు అప్పగించిన సామాజిక తనిఖీని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటా క్రమబద్ధంగా అమలు చేసి, 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే పెట్టింది. కూలీల కుటుంబాల పిల్లలే శిక్షణ పొంది, ఇంటింటికీ తిరిగి మస్టరులో ఉన్న పనిదినాలను, చేతికందిన కూలిని సరిచూసి, చెరువుగట్టు మీద మట్టి పని కొలిచి, మండల కేంద్రంలో ప్రజావేదిక ముందు చదివారు. దారి మళ్లినట్టు తేలిన సొమ్మంతా తిరిగి రాబట్టలేకపోయారన్నది నిజమే, దానికి నాకూ అసంతృప్తి ఉంది. కాని పదో తరగతి చదివిన కూలీ బిడ్డ అధికారుల ముందు నిలబడి పేరూ అంకే చదివితే, ఆమె చదివిందానికి వాళ్లు సమాధానం చెప్పుకోవలసి రావడం చిన్న మార్పు కాదు. ఉపాధి పనికి చేసిన తనిఖీ మన కాలువకు, కుళాయికి, వీధి దీపానికి ఎందుకు చేయకూడదన్నదే నా పట్టుదల.

నీ ఓటు హైదరాబాదులో ఉంది కనుక మన గ్రామసభలో నువ్వు సభ్యుడివి కావు. అయితే సమాచారం అడిగే హక్కుకు ఆ అడ్డు లేదు, దేశ పౌరుడైతే చాలు. మీ వీధి దీపానికి రెండేళ్లలో ఎన్ని బల్బులు కొన్నట్టు రాశారో, మీ కుళాయి లైను మరమ్మతు ఎప్పుడు జరిగినట్టు ఉందో నువ్వే అడుగు. దరఖాస్తు నమూనా ఈ ఉత్తరంతో జతచేశాను. రికార్డులు స్వయంగా చూస్తానని కూడా అందులో రాయి. నకళ్లలో కనబడని కొట్టివేతలు అసలు పుస్తకంలో కనబడతాయి.

అక్టోబరు 2న మళ్లీ గ్రామసభ ఉంది. అంతకు ముందు ఆదివారం మీ వీధి సిమెంటు రోడ్డు కొలవాలని అనుకున్నాం. ఎం.బుక్ ప్రకారం అది మీ ఇంటి అరుగు దాటి రావిచెట్టు దాకా ఉండాలి. మా అబ్బాయి చదువుకని విజయవాడ వెళ్లిపోయాడు. శనివారం రాత్రి బస్సెక్కి రా, టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. మీ ఇంటి తాళంచెవి తెచ్చుకో.

నీ రాక కోసం ఎదురుచూస్తూ,
నీ మిత్రుడు