భూగోళ పాఠాల గురించి పాఠశాల విద్యా సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంచాలకులు గారికి నమస్కారాలు.

రష్యా పాఠం వచ్చేసరికి నదుల పేర్లు, రాజధాని, విస్తీర్ణం వల్లె వేయించి ముందుకు వెళ్లిపోతున్నాం. లేనా నది దక్షిణాన పుట్టి ఉత్తరాన ఆర్కిటిక్‌లో కలుస్తుందన్న ఒక్క మాట దగ్గర కాసేపు ఆగినా బోలెడంత చెప్పవచ్చు. వసంతంలో ఎగువన మంచు ముందే కరిగి నీళ్లు దిగివచ్చేనాటికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది కనుక, విరిగిన మంచుదిమ్మలు అడ్డుపడి నీరు ఊళ్ల మీదికి ఎక్కుతుంది. 2001లో లెన్‌స్క్ పట్టణం అలాగే మునిగింది. అదే నది ఒడ్డున ఉన్న యాకుత్‌స్క్‌లో భవనాలను నేలకు ఎత్తుగా స్తంభాల మీద కడతారు. ఇంటి వెచ్చదనం కిందికి దిగితే వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల మెత్తబడి గోడలు బీటలు వారతాయి.

చైనా విషయంలో, 1935లో భూగోళ శాస్త్రవేత్త హు హువాన్‌యోంగ్ ఆ దేశ పటం మీద ఈశాన్యాన నేటి హెయ్‌హే నుంచి నైరుతిన తెంగ్‌చోంగ్ వరకు గీసిన గీతను విద్యార్థుల చేతే గీయించి, దానికి తూర్పున 90 శాతానికి పైగా జనం ఎందుకున్నారో వర్షపాత పటం చూసి వాళ్లనే చెప్పమనాలి. (తప్పు చెప్పినా, బట్టీ పట్టిన ఒప్పుకన్నా అదే నయం.)

పరీక్షలో రాని దానికి ఏ ఉపాధ్యాయుడూ సమయం కేటాయించలేడు కనుక, పటం చూసి కారణం రాసే ప్రశ్నకు నమూనా ప్రశ్నపత్రంలో చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు