పెట్టెలు బిగిస్తే గాలిని కొలిచినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

నగరమంతటా గాలి నాణ్యత సెన్సర్లు అమర్చేశారని, ఇకపై ఏ వీధిలో ఎంత కాలుష్యం ఉందో ఎప్పటికప్పుడు తెలిసిపోతుందని మీరు మొదటి పేజీలో వేసి చాలా రోజులైంది. ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూశాను. అడిగినవాళ్లు కనబడలేదు కనుక నేనే రాస్తున్నాను.

మా కూడలిలో దీపస్తంభానికి బిగించిన పెట్టె రోజూ నా కళ్లబడుతుంది. గాలి లోపలికి వెళ్లాల్సిన రంధ్రానికి అడ్డంగా సాలీడు గూడు కట్టింది, ఆ గూటి మీద దుమ్ము పేరుకుంది. సిగ్నల్ దగ్గర లారీలు పొగ కక్కుతూ బారులు తీరినప్పుడూ, తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడూ కింద బోర్డు మీద అదే అంకె, అదే ఆకుపచ్చ రంగు. ఫిర్యాదు చేస్తే ‘ఏజెన్సీకి చెప్పాం’ అన్నారు. ఆ ఏజెన్సీ ఏదో, ఎన్నాళ్లలో బాగుచేయాలో చెప్పే నాథుడు లేడు.

ఈ చిన్న సెన్సర్లలో చాలావరకు ధూళిని తూచవు. ఫ్యాను లోపలికి లాగిన గాలి మీద లేజర్ కాంతి పడుతుంది. కణాలకు తగిలి ఆ కాంతి ఎంత చెదిరిందో చూసి పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్లకు మించని అతిసన్నని ధూళి, ఇంత అని అంచనా కడతాయి. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, పొగమంచు బిందువులు కూడా ధూళి లెక్కలో కలిసిపోతాయి. ఇక వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడును కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెల్ (రసాయన చర్యలో పుట్టే కరెంటును బట్టి వాయువును పసిగట్టే భాగం) ఓజోన్ అనే మరో వాయువు తగిలినా స్పందిస్తుంది, కాలం గడిచేకొద్దీ పట్టు తప్పుతుంది. అందుకే వీటిని ముందుగా ప్రామాణిక పర్యవేక్షణ కేంద్రం పక్కన కొన్ని వారాలు నడిపి, రెండింటి రీడింగులూ పోల్చి సరిచేశాకే వీధిలో పెట్టాలి. పెట్టాక కూడా మధ్యమధ్యలో సరిచూస్తూనే ఉండాలి. మన నగరంలో ఆ పని ఎప్పుడు జరిగింది? ఎవరు చేశారు? ఆ నివేదిక ఎక్కడుంది? రాళ్లు సరిచూడని త్రాసుతో తూచి ఇస్తే బజారులో ఎవరూ ఊరుకోరు, పిల్లలు పీల్చే గాలి విషయంలో మాత్రం అందరం ఊరుకున్నాం.

సెన్సర్లు వద్దని నేననడం లేదు. ప్రామాణిక కేంద్రాలు ఖరీదైనవి, వీధివీధికీ పెట్టలేరు. పెద్ద రోడ్డు మీది గాలి వేరు, దాని వెనక సందులోది వేరు. ఆ తేడా పట్టుకోవాలంటే చిన్న సెన్సర్లే దిక్కు. షికాగోలో 2016లోనే ‘అర్రే ఆఫ్ థింగ్స్’ పేరుతో వీధి స్తంభాలకు సెన్సర్లు బిగించి, డేటాను అందరికీ అందుబాటులో ఉంచారు. లండన్‌లో 2018లో ‘బ్రీత్ లండన్’ కింద వందదాకా పెట్టారు. బీజింగ్‌లో అయితే 2008లో అమెరికా రాయబార కార్యాలయం ఒకే ఒక్క పరికరం పెట్టి గంటగంటకూ పీఎం 2.5 అంకెను బయటపెట్టింది. జనం అడగడం మొదలుపెట్టారు, ఒత్తిడి పెరిగింది, 2012 జనవరి నుంచి ఆ నగరపాలకులే పీఎం 2.5 వివరాలు ప్రకటించక తప్పలేదు. దాచకుండా చెప్పిన ఒక్క యంత్రం ఇంత పని చేయించింది!

మనకు ఇన్ని పెట్టెలుండి కూడా యాప్‌లో కనిపించేది నగరం మొత్తానికి ఒకే సగటు, దానికో రంగు. ఫ్లైఓవర్ కింద ఉన్న బడి పిల్లల ఊపిరీ, పార్కు పక్క ఇళ్లవాళ్ల ఊపిరీ ఆ సగటులో ఒకటైపోయాయి. ఎన్ని సెన్సర్లు ఆగిపోయాయో అందులో ఉండదు. పాత రీడింగులు కావాలంటే దొరకవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 వార్షిక పరిమితిని ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కు తగ్గించింది. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే తేల్చింది. ఇంత తెలిశాక కూడా ‘సగటున పరవాలేదు’ అని అధికారులు ఎలా అనగలుగుతున్నారు?

అసలు జబ్బు మరొకటుంది. ప్రారంభోత్సవానికి డబ్బుంటుంది, నిర్వహణకు ఉండదు. కూడళ్లలో శబ్దం కొలిచే మీటర్లకు ఇదే గతి పట్టింది, వాన కొలిచే యంత్రాలకూ ఇదే గతి. కొన్న రోజు ఫొటోలు, ఆ తర్వాత పట్టించుకునే దిక్కుండదు. ఒకప్పుడు ఫిర్యాదు రాస్తే కనీసం ‘అందింది’ అని కార్డుముక్క వచ్చేది. ఇప్పుడు ఫిర్యాదు నంబరు వస్తుంది, మర్నాటికల్లా ‘పరిష్కరించబడింది’ అని సందేశం వస్తుంది. సాలెగూడు మాత్రం అక్కడే ఉంటుంది.

ప్రతి సెన్సరు రీడింగునూ గంటగంటకూ బయటపెట్టాలి. దాన్ని చివరిసారి సరిచూసిన తేదీ పక్కనే ఉండాలి. పరిమితి దాటిన చోట ఏ నిర్మాణాన్ని ఆపారో, ఏ చెత్త మంటను ఆర్పారో చెప్పాలి. మీ పత్రికకు ఒక విన్నపం: రోజూ వాతావరణం పక్కన గాలి నాణ్యత అంకె వేస్తున్నారు కదా, దాని కిందే ఆ రోజు ఎన్ని సెన్సర్లు పనిచేశాయో కూడా అధికారులను అడిగి వేయండి. చెప్పకపోతే ‘సమాధానం ఇవ్వలేదు’ అనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు