బుజ్జికి, ముక్కల పెట్టెతో పాటు

బరంపురం

బుజ్జీ,

నువ్వు కుట్టు మిషన్ కొన్నావని నాన్న చెప్పగానే నాకెంత సంతోషమైందో! జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు అట్టపెట్టె నిండా పంపుతున్నాను. పైనున్నవన్నీ కాటన్. అడుగున కవర్లో కట్టినవి మన డేరా వీధిలో నేసిన పట్టు. ముందు చెయ్యి తిరగనీ, తర్వాత వాటి జోలికి వెళ్లు.

వేడి గిన్నెలు దించే గుడ్డతో మొదలుపెట్టు. రోజూ పనికొస్తుంది, తిన్నగా కుట్టడమూ అలవాటవుతుంది. దానికి అన్నీ కాటన్ ముక్కలే వాడు. పాలిస్టర్ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది తల్లీ. నీ దగ్గరున్న వేరే ముక్కల మీద అనుమానమొస్తే ఒక పోగు లాగి, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని అంటించు. కాటనైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ ముడుచుకుపోయి చివర గట్టి పూసలా మిగులుతుంది. పట్టయితే వెంట్రుకలు కాలిన కమురు వాసన.

కుట్టే ముందు ముక్కల్ని తడిపి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. కొత్త కాటన్ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. లోపల పెట్టే పాత తువ్వాలు ఇక కుదించుకుపోదు కాబట్టి పైగుడ్డ ముడతలు పడుతుంది. ఎర్ర ముక్కల్ని తడిగా ఉండగానే తెల్లగుడ్డ మీద అదిమి చూడు. రంగు అంటితే లేత రంగుల పక్కన వెయ్యకు.

ఎనిమిది అంగుళాల చదరంగా కత్తిరించుకో. కింద తువ్వాలు రెండు పొరలు, దాని మీద ఒక ముక్క మంచివైపు పైకి, రెండోది మంచివైపు కిందకి. చుట్టూ అర అంగుళం వదిలి కుట్టి, ఒక పక్క నాలుగు వేళ్లు దూరేంత సందు ఉంచు. మూలల్లో కుట్టు తెగకుండా కొసలు ఏటవాలుగా కత్తిరించెయ్యి, లేకపోతే తిరగేశాక ముద్దగా ఉంటాయి. సందులోంచి తిరగేసి, మూలను లోపలినుంచి పెన్ను మూతతో నెట్టు. కత్తెర మొనతో నెడితే చిల్లు పడుతుంది. సందు మూసి, మూల నుంచి మూలకి రెండు కుట్లు వేస్తే పొరలు జరగవు. ఇన్ని పొరలకి పదహారో నంబరు సూది వెయ్యి, కుట్టు కాస్త పెద్దది పెట్టుకో.

చిన్న ముక్కలు సంచి మీద పువ్వులకి పనికొస్తాయి. పూరీ వెళ్లే దారిలో పిప్పిలి దగ్గర దుకాణాల నిండా వేలాడే, గుడ్డ మీద రంగు ముక్కల బొమ్మలు కుట్టిన చాందువాలు గుర్తున్నాయా? అదే పద్ధతి. ఆకారం కత్తిరించి, అంచు సన్నగా లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, కింది గుడ్డ మీద దగ్గర దగ్గరగా కుట్టడమే. నూనె మరక పడ్డ చోట ఒక పువ్వు కుడితే ఆ సంచి ఇంకో రెండేళ్లు వస్తుంది.

ఇక పట్టు సంగతి. మగ్గం చప్పుడు వింటూ పెరిగినదాన్ని, గుడి శిఖరాల్లా నేసే కుంభం అంచు అరచేయంత మిగిలినా పారెయ్యడానికి నాకు మనసొప్పదు. ఆ కష్టం నువ్వూ చూశావు. పట్టుకి పోగులు ఊడతాయి కాబట్టి వెనక కాటన్ లైనింగ్ వేసి, రెండూ కలిపి కచ్చా కుట్టు వేశాకే మిషన్ కింద పెట్టు. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర, రెండేళ్లకోసారే కదా, ఈసారి ఇంటికొచ్చే ముత్తయిదువలకి పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే చిన్న సంచులు నీ చేత్తో కుట్టించాలని నా కోరిక.

మొదటి గుడ్డ అవగానే వీడియో కాల్ చెయ్యి. సందు మూసేలోపే చేస్తే లోపలి కుట్టు కూడా చూస్తాను.

అమ్మ